ఇంకో రెండు పట్టీలు వెయ్యి బావా!

ఏప్రిల్ 15 వచ్చిందంటే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వేట ఆగుతుంది, పని మాత్రం ఆగదు. జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరం పొడవునా మరబోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు. జెట్టీల వెంట బోట్లు వరసకట్టి నిలబడితే, వలలు బాగుచేసేవాళ్ళు, రంగులేసేవాళ్ళు, ఇంజన్లు విప్పేవాళ్ళు వాటిని చుట్టుకుంటారు. బోట్లకు దొరికిన ఈ తీరికే చేపలు మోసే వ్యాన్లకూ దొరుకుతుంది. పది నెలలు ఉప్పునీళ్ళు కార్చుకుంటూ తిరిగిన పికప్‌లు ఒక్కొక్కటే మెకానిక్ షెడ్ల ముందు జాకీలెక్కుతాయి.

అలా జాకీ ఎక్కిన ఒక పాత బొలెరో పికప్ పక్కన ఇద్దరు వాదించుకుంటున్నారు. ఒకరు బండి ఓనరు, డ్రైవరూ తనే. హార్బర్‌లో లోడెత్తి ఎస్.కోట మీదుగా ఘాట్ ఎక్కి అరకు దాకా చేపలు వేసొస్తాడు. రెండో మనిషి అతని అక్క మొగుడు, కమాన్ కట్టల పనిలోనే, అంటే ఇరుసు మీద బండిని మోసే ఉక్కు పట్టీల కట్టల పనిలోనే, జుట్టు నెరిసిన మేస్త్రీ. పేర్లతో పనిలేదు. ఇలాంటి బావాబావమరుదులు, ఇలాంటి తగువు హార్బర్ చుట్టుపక్కల ఏ షెడ్డులోనైనా కనిపిస్తారు, వినిపిస్తుంది.

"వెనక చూడు, ఎలా కూలబడిపోయిందో. పక్కకి రెండేసి పట్టీలు వేసెయ్ బావా. షాకబ్జర్ల సంగతి దసరాకి చూద్దాం," అన్నాడు ఓనరు.

"అది తర్వాత. లోడెంత కడుతున్నావో చెప్పు ముందు."

"టన్ను. సీజన్‌లో ఇంకో రెండొందల కిలోలు."

"వట్టి చేపలా, ఐసుతో కలిపా?"

ఓనరు జవాబు చెప్పలేదు. ఈ వ్యాపారం లోగుట్టంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మన ఎండలకు కిలో చేపకు దగ్గరదగ్గర కిలో ఐసు పడాలి. దూరం పోయే సరుక్కి అంతకు తగ్గిస్తే చేప మెత్తబడుతుంది. హార్బర్‌లో లోడెంతని అడిగితే ఎవరైనా చేపల బరువే చెబుతారు, డబ్బు వచ్చేది దానికే కాబట్టి. కమాన్ కట్టకు ఆ తేడా తెలీదు. కోనాలు, కానాగంతలు, వాటి మీది ఐసు, ప్లాస్టిక్ బాక్సులు, కరిగి అడుగున నిలిచిన నీళ్ళు, అన్నీ దాని నెత్తినే. టన్ను చేపంటే రెండు టన్నుల పైమాటే.

"దారిలో కరిగిపోదేటి?"

"కరిగితే నీళ్ళవుతుంది గానీ మాయమైపోదు కదా. బయటికి వదిలితేనే బరువు దిగేది."

"సరే, రెండు టన్నులే అనుకో. నేను పట్టీలు వెయ్యమంటున్నది అందుకే కదా!"

మాట పైకి సబబుగానే ఉంది. బరువు ఎక్కువైతే కట్ట గట్టిపడాలి, కట్ట గట్టిపడాలంటే పట్టీ పడాలి. ఏళ్ళ తరబడి ఈ దారిలోనే చాలా బండ్లు నడిచాయి. మేస్త్రీ సుద్దముక్క తీసి షెడ్డు గచ్చు మీద లెక్క వేశాడు.

లెక్క కోసం ఒకే మందం ఉన్న ఏడు పట్టీల కట్ట అనుకుందాం. వంద కిలోలకు ఒక సెంటీమీటరు దిగుతుందనుకుందాం. లోడుతో వెనక ఒక్కో పక్కా ఎనిమిది వందల కిలోలు పడితే, కట్ట ఎనిమిది సెంటీమీటర్లు దిగుతుంది. ఏడును తొమ్మిది పట్టీలు చేస్తే గట్టిదనం దాదాపు ముప్ఫై శాతం పెరుగుతుంది. అదే లోడుకు ఆరుంబావు సెంటీమీటర్ల దాకా దిగుతుంది. అంత ఖర్చుపెట్టినా దిగుడులో తగ్గింది రెండు సెంటీమీటర్ల లోపే. మందం పెంచితే కథ ఇంకోలా ఉంటుంది. పట్టీ గట్టిదనం మందానికి ఘనంలో పెరుగుతుంది: ఎనిమిది మిల్లీమీటర్ల పట్టీ బదులు పది మిల్లీమీటర్లది వేస్తే దాదాపు రెట్టింపు. కానీ పలచటి పట్టీల మధ్య ఒక్క మందపాటి పట్టీని ఇరికిస్తే, అందరితో పాటు అంతే వంగాల్సి వచ్చినప్పుడు దాని మీదే ఒత్తిడి ఎక్కువ. ముందు విరిగేది అదే.

"లోడుతో వెళ్ళేది ఒక వైపే," అన్నాడు మేస్త్రీ. "అరకులో దింపేసి ఖాళీగా ఘాట్ దిగుతావు. అప్పుడు ఈ కట్ట ఏం చేస్తుందో ఆలోచించావా?"

"గంతులేస్తుంది. నడుం నాది కదా, భరిస్తాను."

"నీ నడుం గురించి కాదురా అడిగేది."

ఈ పాయింటు దగ్గర మేస్త్రీ పక్షానే నిలబడాలి. బండి బరువుకు కట్ట ఎంత తక్కువ దిగితే, బండి అంత వేగంగా ఊగుతుంది. పై లెక్కలోని కట్ట ఖాళీ బండి కింద రెండున్నర సెంటీమీటర్లు దిగిందనుకుంటే, సెకనుకు మూడుసార్లకు కాస్త ఎక్కువ ఊగుతుంది. నిండు లోడుతో ఆ ఊపు రెండు కన్నా కిందికి పడిపోతుంది. పట్టీలు కలిపితే ఖాళీ బండి ఊపు మూడున్నర దాటుతుంది. గతుకు తగిలిన ప్రతిసారీ వెనక చక్రం రోడ్డును వదిలి లేస్తుంది. గాల్లో ఉన్న చక్రానికి బ్రేకు లేదు, మలుపులో పట్టూ లేదు. అనంతగిరి ఘాట్‌లో వాన పడి రోడ్డు తడిసిన రోజున ఆ క్షణం చాలు.

ఓనరు తగ్గలేదు. "మరి లోడుతో ఎక్కేటప్పుడు? గతుక్కి వెనకభాగం బంపు రబ్బరుకి కొట్టుకుంటుంది. ఛాసిస్ పగిలితే ఎవరిస్తారు డబ్బులు? ఖాళీగా గంతులేసినా బండి ఇంటికొస్తుంది. లోడుతో ఇరుసు కూలితే చేపంతా రోడ్డు పాలే."

అదీ నిజమే. బంపు రబ్బరుకు పదేపదే కొట్టుకునే బండి ఛాసిస్ నెర్రెలిస్తుంది. అరిగి చప్పబడిన కట్టతో నిండు లోడు మొయ్యడం, గట్టి కట్టతో ఖాళీగా తిరగడం కన్నా చిన్న ప్రమాదమేమీ కాదు. అందుకే మేస్త్రీ ఆ మాట కొట్టిపారెయ్యలేదు. రించీ తీసుకుని కట్ట విప్పాడు.

సెంటర్ బోల్టు తిరగలేదు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. గ్రైండరుతో తల కోస్తే కట్ట విచ్చుకుంది. పట్టీకీ పట్టీకీ మధ్య తుప్పు అట్టలు కట్టి ఉంది. మేస్త్రీ సుత్తితో తడితే గోధుమరంగు పెచ్చులు గచ్చు మీద రాలాయి. ప్రతి పట్టీ కొస, తన పైపట్టీ అడుగున గాడి పెట్టేసింది. రెండో పట్టీని కిరోసిన్ గుడ్డతో తుడిచి వెలుతురుకు పట్టాడు. సెంటర్ బోల్టు రంధ్రం పక్క నుంచి అంచు దాకా వెంట్రుకంత చీలిక.

"నీ బండి కూలబడింది పట్టీలు చాలక కాదు, ఇందుకు. ఇందులోకి ఇంకో రెండు కొత్తవి దూర్చమంటావు."

ఈ ఊళ్ళో కమాన్ కట్టకు బరువు కన్నా ఉప్పే పెద్ద శత్రువు. సముద్రపు గాలి ఒకటి, బాక్సుల్లోంచి ఎడతెగకుండా కారే నీళ్ళు రెండు. ఆ నీళ్ళు బాడీ సందుల్లోంచి తిన్నగా ఇరుసు మీదికి, కట్టల మీదికి దిగుతాయి. పట్టీల మధ్య సందులోకి పోయిన ఉప్పునీరు ఆరదు. తుప్పు ఉక్కు మీద సూదిమొనంత గుంటలు చేస్తుంది. కట్ట వంగి లేచిన ప్రతిసారీ ఒత్తిడంతా ఆ గుంట దగ్గరికి చేరుతుంది. చీలిక అక్కడే పుడుతుంది. హైదరాబాదులో ఇదే బండి కట్ట ఎన్నేళ్ళు మన్నుతుందన్న లెక్క హార్బర్‌లో పనికిరాదు.

"అదే నేనూ చెప్పేది!" అన్నాడు ఓనరు. "కొత్త సెట్టు వేసినా ఉప్పు వదలదు. అలాంటప్పుడు అంత డబ్బెందుకు? ఈ పాతవే కొట్టించి వంపు తెప్పించు. విరిగిన రెండో దాని బదులు సెకండ్‌హ్యాండ్‌ది వెయ్యి. ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళో ఇనప పట్టీకి ఇంత రేటేటి బావా?"

ఉక్కంతా ఒకటి కాదు, అదీ మేస్త్రీ జవాబు. కట్టడాలకు వాడే ఊచ వంచితే వంగిపోయి ఊరుకుంటుంది. కమాన్ పట్టీ వంగి మళ్ళీ లేవాలి, అదీ లక్షలసార్లు. అందుకని సిలికాన్, మాంగనీసు లేదా క్రోమియం కలిసిన ఉక్కును ఎర్రగా కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్ళీ తగినంత వేడి చేసి ఆ గుణం తెప్పిస్తారు. తర్వాత చిన్న ఉక్కు గుళ్ళను జోరుగా విసిరి పట్టీ పైపొరను గట్టిపరుస్తారు. చీలిక పుట్టకుండా కాచేది ఆ పొరే. పల్లెల్లో కమ్మర్లు లారీ కట్ట ముక్కలతో కత్తులు, కొడవళ్ళు చేసేది ఈ ఉక్కు మంచిదని. అయితే కొలిమిలో పెట్టగానే దాని పాత పదును పోతుంది. కమ్మరి మళ్ళీ నీళ్ళో నూనో పట్టి కొత్త పదును ఇస్తాడు. షెడ్డులో గ్యాసు మంట పెట్టి, సుత్తితో బాది వంపు తెప్పించే చోట ఆ రెండో పని సరిగ్గా జరగదు. వంపు వస్తుంది గానీ నిలవదు. తుప్పు గుంటలు పడిన పట్టీ మీద సుత్తి దెబ్బ అంటే, చీలిక ఎక్కడ పుట్టాలో గుర్తు పెట్టినట్టే.

సెకండ్‌హ్యాండ్ పట్టీ మాట వేరు. వంపు కలవని పట్టీలు ఒక కట్టలో బరువును సమంగా పంచుకోవు. ఒకటి ఎక్కువ మోస్తుంది, ఇంకొకటి ఊరికే ఉంటుంది. ఒక్క పక్కే మారిస్తే బండి ఓ వైపు వాలుతుంది. మార్చేదేదో ఇరుసుకు రెండు పక్కలా, ఒకే తయారీది మార్చాలి.

ఓనరుకు ఇంకో ఆలోచన ఉంది. "పారాబోలిక్ పట్టీలు వేయిద్దామా? టాటా ఏస్ ముందు ఉంటాయే, అవి. పట్టీల మధ్య ఖాళీ ఉంటుంది, ఉప్పు నిలవదంటున్నారు."

అన్న మాట తప్పేమీ కాదు. పారాబోలిక్ పట్టీ నడుమ లావుగా, కొసలకు పలచగా ఉంటుంది. రెండు మూడు పట్టీలతోనే పని జరుగుతుంది. పట్టీలు నడుమా కొసలా తప్ప తాకవు. రాపిడి తక్కువ, బరువు తక్కువ, తుప్పు పట్టే సందులూ తక్కువ. కానీ ఏడింట్లో ఒక పట్టీ విరిగితే కట్ట కుంటుతూ ఇంటికి చేరుస్తుంది. రెండింట్లో ఒకటి విరిగితే సగం బలం అక్కడికక్కడే పోయినట్టు. అదీగాక, మామూలు కట్టలో పట్టీల మధ్య రాపిడే ఊపును కొంత అణుస్తుంది. పారాబోలిక్‌లో ఆ పనంతా షాకబ్జరు చెయ్యాలి. ఈ బండికి సరిపడే సెట్టు తయారీదారుడే ఇస్తే సరే గానీ, ఇంకో బండిది తెచ్చి ఇరికించడం మంచిది కాదు.

మాట షాకబ్జర్ల దాకా వచ్చింది గనక మేస్త్రీ ఇక వదల్లేదు.

"దసరాకి అన్నావే, ఒకసారి ఇది చూడు." వెనక షాకబ్జరు విప్పి, నిలబెట్టి, చేత్తో లోపలికి నొక్కాడు. అడ్డం లేకుండా దిగిపోయింది. పైకి లాగితే అంతే తేలిగ్గా వచ్చింది. రాడ్డు మీది క్రోమ్ చుక్కలు చుక్కలుగా లేచిపోయింది, కింద గొట్టం నూనెతో తడిసి దుమ్ము పట్టి ఉంది. "ఇది లేనట్టే లెక్క. టైరు చూశావా?" టైరు చుట్టూ ఒకచోట మిట్ట, ఒకచోట పల్లంగా అరిగింది. చక్రం రోడ్డు మీద ఎగిరెగిరి పడితే అరిగే తీరది.

షాకబ్జరు బరువు మొయ్యదు. నూనె షాకబ్జరును విప్పేసినా బండి ఎత్తు మారదు. కట్ట వంగినప్పుడు లోపల దాచుకున్న శక్తిని, తిరిగి లేచేటప్పుడు నూనెను సన్నటి రంధ్రాల గుండా తోసి వేడిగా మార్చి పోగొట్టడం దాని పని. అందుకే నొక్కేటప్పటి కన్నా లాగేటప్పుడే ఎక్కువ బిగువు చూపిస్తుంది. కట్టను గట్టిపరిస్తే అది వెనక్కి తన్నే తన్నూ పెరుగుతుంది; దాన్ని ఆపాల్సిన షాకబ్జరూ అందుకు తగ్గదై ఉండాలి. చచ్చిపోయిన షాకబ్జరు మీద రెండు పట్టీలు ఎక్కువేసిన కట్ట అంటే, అన్నింటికన్నా చెడ్డ జోడీ. ఓనరు అడిగింది సరిగ్గా అదే.

"గ్యాసువి వెయ్యనా, నూనెవి వెయ్యనా? గ్యాసువైతే గట్టిగా ఉంటాయంటారు."

"గ్యాసు వేసేది గట్టితనం కోసం కాదు. ఎడతెగని గతుకుల్లో లోపలి నూనె నురగ కడుతుంది, నురగకు పట్టు ఉండదు. నైట్రోజన్ ఒత్తిడి పెడితే ఆ నురగ అణుగుతుంది. ఘాట్ రోడ్డు బండికి ఆ లాభం ఉంది. కానీ నీకు అంతకన్నా ముఖ్యం రాడ్డు మీద కవరు. ఉప్పు తగిలి క్రోమ్ లేస్తే రాడ్డు సీలును కోసేస్తుంది, నూనె కారిపోతుంది. గ్యాసుదైనా నూనెదైనా అప్పుడు ఒకటే. కవరున్నది, నీ మోడల్ నంబరుదే, బిల్లుతో తీసుకో. డబ్బా చూసి కొనకు, డూప్లికేట్లు దిగుతున్నాయి."

ఇంకో సంగతి ఉంది. పట్టీలు కలిపి బండిని ఎత్తితే పాత పొడవు షాకబ్జరు చాలదు. ఖాళీ బండి గుంతలో పడి చక్రం కిందికి జారినప్పుడు షాకబ్జరు చివరిదాకా సాగి తన్నుకుంటుంది. పైబుష్షు చిరిగేది, బ్రాకెట్టు విరిగేది అప్పుడే.

అప్పటిదాకా బుర్ర ఊపుతున్న ఓనరు, మేస్త్రీ ఇరుసు దగ్గర ఒక సన్నటి కడ్డీని చూపించేసరికి ముందుకు వంగాడు. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఇలాంటి కడ్డీ ఒక బ్రేకు వాల్వును కదుపుతుంటుంది. లోడు పడి ఛాసిస్ కిందికి దిగితే వాల్వు తెరుచుకుని వెనక బ్రేకులకు ఒత్తిడి ఎక్కువ పంపుతుంది. ఖాళీగా పైకి లేస్తే, చక్రాలు బిగుసుకుపోకుండా తగ్గిస్తుంది. దానికి తూకం తెలీదు, ఎత్తే తెలుసు. పట్టీలు ఎక్కువేసి బండిని లేపేస్తే, రెండు టన్నులు నిండి ఉన్నా వాల్వు ఖాళీ బండనుకుంటుంది. వెనక బ్రేకు చాలినంత పట్టదు. భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది.

"అదేటి బావా, ఇన్నాళ్ళూ ఈ మాట చెప్పలేదు?"

"నువ్వు పట్టీలు అడిగావు గానీ బ్రేకుల సంగతి అడగలేదు కదా."

అయినా ఓనరు అసలు గొంతు అప్పుడే విప్పాడు. పట్టీల మీద మోజుతో కాదు అతను అడుగుతున్నది. కిరాయి బాక్సు లెక్కన వస్తుంది. డీజిల్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు బాక్సుల లెక్కన రావు. ఎనిమిదేళ్ళు దాటిన వాణిజ్య వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించుకోవాలి. "నాలుగు బాక్సులు తగ్గిస్తానంటే సేటు ఇంకో బండి పిలుస్తాడు. 2023 నవంబరులో హార్బర్‌లో బోట్లు తగలబడ్డాయే, ఆ తర్వాత కొత్త బండి తీసుకుందామన్న మాటే మర్చిపోయాను. ఉన్నదాంతోనే లాగాలి. నువ్వు చెప్పేవన్నీ నిజమే. మరి నా కిరాయి ఎవరు పెంచుతారు?"

దీనికి మేస్త్రీ దగ్గర జవాబు లేదు, ఉండే వీలూ లేదు. బండి మీద ఎంత పడాలో నిర్ణయించేది సరుకు పంపే వ్యాపారి. పట్టుబడితే కట్టేది ఓనరు. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, పైగా ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. ఆ అదనపు సరుకు అక్కడికక్కడే దింపించాలి కూడా. దింపిన చేప ఎండలో ఎంతసేపు నిలుస్తుందో హార్బర్ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఎన్ని పట్టీలు కలిపినా ఆర్‌సీలో రాసిన బరువు కిలో కూడా పెరగదు. ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు పాతవే కదా. కట్ట ఒక్కదాన్ని గట్టిచేస్తే బండి వాలదు. వాలని బండిని చూసి సరుకు వేసేవాడు ఇంకో రెండు బాక్సులు పెడతాడు. కిరాయి లెక్క బాక్సును వదిలి ఐసుతో సహా తూకం మీదికి వస్తే తప్ప ఈ తగువు షెడ్డుల్లో తెగేది కాదు.

తెగనివి పక్కనపెట్టి, తెగేవాటికి ఇద్దరూ దిగారు. పక్కకి రెండు పట్టీలు మేస్త్రీ ఒప్పుకోలేదు. పాతవి కొట్టించడం అసలే ఒప్పుకోలేదు. వెనక రెండు పక్కలా కంపెనీ కొలతల కొత్త కట్టలు. వాటితో కొత్త యు-బోల్టులు, ఎందుకంటే ఒకసారి బిగించిన యు-బోల్టు సాగి ఉంటుంది, మళ్ళీ పట్టదు. కొత్త బుష్షులు. నాలుగు షాకబ్జర్లు. ఓనరు నాలుగు దగ్గర బేరమాడాడు. ముందు రెండూ నొక్కి చూస్తే ఇంకా బిగువుగా ఉన్నాయి, వాటిని ఉంచడానికి మేస్త్రీ సరేనన్నాడు. హెల్పర్ పట్టీ మాట ఓనరు ఎత్తాడు. ఖాళీగా ఉన్నప్పుడు తాకకుండా, లోడు పడితేనే ఆనుకునే పట్టీ అది. గంతుల బాధ ఉండదు. కంపెనీ అదే మోడల్‌కు ఇచ్చేదైతే వేస్తానన్నాడు మేస్త్రీ. అయితే ముందు కాటా.

"నిండు లోడుతో వే బ్రిడ్జి ఎక్కించు. మొత్తం బండిని ఒకసారి తూకం వేయించు. తర్వాత వెనక చక్రాలు మాత్రం కాటా మీదుంచి ఇంకోసారి. ఐసు తీసి కాదు, ఐసుతోనే. ఆ రెండు చీటీలూ ఆర్‌సీ పక్కన పెట్టుకుని మాట్లాడదాం."

"బోట్లు వెళ్ళి లోడుతో తిరిగొచ్చేసరికి జూన్ నెలాఖరవుతుంది."

"అవనీ. మొదటి రెండు మూడు లోడులయ్యాక యు-బోల్టులు మళ్ళీ బిగించాలి, ఎలాగూ రావాలి నువ్వు. బాడీ అడుగు నీళ్ళకి పైపు పెట్టి ఇరుసు దాటించి వదులు. ప్రతి ట్రిప్పుకీ మంచినీళ్ళతో కింద కడుగు. పాత ఇంజనాయిలు పూయకు, రబ్బరు బుష్షులు ఉబ్బిపోతాయి."

కొత్త కట్టలు ఎక్కాయి. కుర్రాడు బండి జాకీ మీదుండగానే బుష్షు బోల్టులు బిగించబోతే మేస్త్రీ ఆపాడు. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగగానే రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. బండిని నేలకు దింపి, తన బరువు మీద తాను కూర్చున్నాక బిగించాలి. షాకబ్జర్లను నిలబెట్టి నాలుగైదుసార్లు నొక్కి లాగి, లోపలి గాలి పోయాక ఎక్కించాడు.

ఓనరు సగం డబ్బు చేతిలో పెట్టాడు. మిగతాది వేట మొదలయ్యాక.

"చీటీలో ఆర్‌సీ బరువు కన్నా మూడొందల కిలోలు ఎక్కువొస్తే ఆ రెండు పట్టీలు వేస్తావా, వెయ్యవా? ఇప్పుడే చెప్పు."

"వెయ్యను. మీ సేటు దగ్గరికి నేనూ వస్తాను, ఐసు తూకం గురించి మాట్లాడదాం."

"వస్తే ఆదివారం రా. మిగతా రోజుల్లో దొరకడు."